పంప్‌కిన్ హార్డ్ సైడర్‌లో గుమ్మడికాయ కోసం వెతక్కండి

ఇక్కడ అమెరికాలో ఫాల్ (ఆకురాలే కాలం) వచ్చేసరికి షాపుల నిండా పంప్‌కిన్ హార్డ్ సైడర్, అంటే గుమ్మడికాయ పేరుతో అమ్మే పులిసిన ఆపిల్ రసం, కనిపిస్తోంది, మన తెలుగువాళ్ల నోటికి నచ్చుతుందా, కొనొచ్చా అని కొందరు అడిగారు. కొనొచ్చు. కాకపోతే మూత తీసే ముందు గుమ్మడికాయ మాట మర్చిపోండి. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఏటా అక్టోబరులో రెండు మూడు రకాలైనా రుచి చూస్తాను. నచ్చలేదని చెప్పేవాళ్లలో చాలామంది సీసా మీద బొమ్మ చూసి ఏదో ఊహించుకుని తాగినవాళ్లే.

నేనూ మొదటిసారి అలాగే తాగాను. ఆరు సీసాల పెట్టె తెచ్చి, ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే నోట్లో పోసుకున్నాను. పచ్చకర్పూరం ఎక్కువైన పరవాన్నం తిన్నట్టుంది. ముందు తీపి, దాని వెనకే లవంగం, ఆ తర్వాత నాలుక మొద్దుబారిపోయింది. ఆపిల్ జాడే లేదు. రెండో సీసా తెరవలేదు. మూడేళ్లపాటు మళ్లీ దాని జోలికి పోలేదు.

మనసు మారింది అమ్మ ఇక్కడికి వచ్చిన ఏడాది. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ వ్యాలీలో ఆపిల్ తోటకు తీసుకెళ్లాం. సంచీ నిండా కాయలు కోసుకున్నాక, తోటవాళ్లదే సైడర్ గది ఉంటే లోపలికి వెళ్లాం. చెక్క పలక మీద నాలుగు చిన్న గ్లాసులు పెట్టి ఇచ్చారు. చివరిది పంప్‌కిన్. పాత తేనె రంగు, కొంచెం మసకగా ఉంది. నురగ ఇలా వచ్చి అలా పోయింది. అమ్మ మందు ముట్టదు, ఆమెకు వేడి వేడి మామూలు సైడర్, అంటే పులియనిది, ఇప్పించాను. ఉన్నట్టుండి నా గ్లాసు తీసుకుని వాసన చూసింది. ఆమె ముక్కుకు తిరుగులేదు.

"శొంఠి, లవంగం, దాల్చినచెక్క. జాజికాయ కూడా పడింది. బాలింతలకు పెట్టే కాయంలా ఉంది గానీ, గుమ్మడికాయ ఏదిరా?" అంది.

ఆ మాట అక్కడ పోస్తున్న పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. "మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు" అని, పని పక్కన పెట్టి మరీ వివరించాడు. ఆపిల్ రసం పులిసేటప్పుడే కాల్చిన గుమ్మడి ముక్కలు వేస్తారట. ఆల్కహాల్ దాదాపు అంతా ఆపిల్ చక్కెర నుంచే వస్తుంది. గుమ్మడి వల్ల నోటికి కాస్త నిండుదనం వస్తుందంతే, రుచి కనపడీ కనపడనట్టు ఉంటుంది. మసాలా దినుసులను పల్చటి గుడ్డలో మూటగట్టి, పులవడం అయ్యాక వేలాడదీస్తారు. రోజూ రుచి చూస్తూ, అందరికంటే ముందు లవంగాన్ని బయటికి తీసేస్తారు. అది ఒక్కరోజు ఎక్కువ ఉన్నా మిగతావాటిని మింగేస్తుందన్నాడు. బిర్యానీలో లవంగం ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాళ్లం, మనకు ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు.

తర్వాత గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకోమన్నాడు. చల్లదనం కొంచెం తగ్గాక గుటక వేశాను. ముందు ఆపిల్ పులుపు వచ్చింది, పచ్చికాయ కొరికినట్టు. నాలుక పక్కల కాస్త వగరు. దాల్చినచెక్క ఆ తర్వాతెప్పుడో, శొంఠి వేడి గొంతు దిగాక. అప్పుడు అర్థమైంది నాకు: ఇది ఆపిల్‌ది, మసాలా వెనకాల నిలబడాలి. వరస తిరగబడిన సైడర్ ఏదైనా సరే, చెడ్డ సైడర్ అనే నా లెక్క.

మరి గుమ్మడికాయ పేరెందుకంటే, ఇక్కడివాళ్లకు ఆ మసాలా వాసనే గుమ్మడికాయ. మసాలాలు అమ్మే మెక్‌కార్మిక్ కంపెనీవాళ్లు 1934లోనే పంప్‌కిన్ పై (గుమ్మడి గుజ్జు నింపి కాల్చే తీపి వంటకం) కోసమని ఈ దినుసులన్నీ కలిపిన పొడి అమ్మడం మొదలుపెట్టారు. 2003లో వచ్చిన స్టార్‌బక్స్ వాళ్ల కాఫీ, పంప్‌కిన్ స్పైస్ లాటేలో 2015 దాకా గుమ్మడి గుజ్జే లేదు. ఇక్కడివాళ్లకు పండగ పూట ఇల్లంతా వచ్చే పంప్‌కిన్ పై వాసన అది. మనకేమో ఆ దినుసులు తగలగానే ఉప్పూ కారం గుర్తొస్తాయి. నాలుక పలావు కోసం ఎదురు చూస్తుంటే తీపి నీళ్లు వస్తాయి. మనవాళ్లకు మొదటి గుటక నచ్చకపోవడానికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. రెండో గ్లాసుకు ఆ తేడా పోతుంది.

నిజమైన గుమ్మడి రుచి కావాలంటే దానికి వేరే దారి ఉంది. హాలోవీన్‌కు గుమ్మాల ముందు చెక్కిపెట్టే కాయల్లో నీళ్లూ పీచే ఎక్కువ. బటర్‌నట్ స్క్వాష్ కొనండి. మన తీపి గుమ్మడిదీ దానిదీ ఒకటే జాతి. అమ్మ ఆ తోట ముందున్న కొట్టులోనే ఒక కాయ కొని, ఆ రాత్రి దప్పళం పెట్టింది. తోలు తీయకుండా పెద్ద పెద్ద ముక్కలు, చింతపండు పులుసు, కాస్త బెల్లం. ముక్క నోట్లో వెన్నలా విడిపోయింది. ఇంత రుచి ఉన్న కాయను సీసాలో కనపడకుండా చేసేశారే అని నిజంగా బాధేసింది.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. దయచేసి దీన్ని జ్యూస్ అని పెద్దవాళ్లకు పోయకండి. ఇక్కడ ఉత్త సైడర్ అంటే పులియని ఆపిల్ రసం, హార్డ్ అని ఉంటే మందే. చాలావాటిలో 5 శాతం దాకా ఉంటుంది, అంటే మామూలు బీరంత. ఒక గెట్ టుగెదర్‌లో జన్మలో మందు ముట్టని ఒక బాబాయిగారికి జ్యూసేనని చెప్పి ఇచ్చేశారు. తర్వాత తెలిసి ఆయన పడిన బాధ కళ్లారా చూశాను. తమాషాకి కూడా చేయకూడని పని. తియ్యగా ఉంది కదా అని రెండు తాగి కారు తీసేవాళ్లకూ ఇదే చెబుతాను.

ఇక ఆగస్టులో, ఇంకా ఏసీలు నడుస్తుండగానే ఇవి షాపుల్లో పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు. చెమటలు పట్టే ఎండలో శొంఠీ లవంగం ఎవరికి కావాలి? సాయంత్రం స్వెటర్ వేసుకోవాలనిపించే రోజు దాకా ఆగండి. ఆరు సీసాల పెట్టె కొనకండి, విడిగా అమ్మే చోట ఒక్కటి తెచ్చుకోండి. వెనక లేబుల్ మీద సహజ ఫ్లేవర్లు అన్న మాట తప్ప ఒక్క దినుసు పేరైనా లేకపోతే అక్కడే పెట్టేయండి. ఫ్రిజ్‌లోంచి తీశాక పావుగంట బయట ఉంచి, గ్లాసులో పోసుకోండి. పక్కన స్వీట్లు వద్దు. పచ్చిమిర్చి బాగా దట్టించిన ఉల్లి పకోడీ వేడివేడిగా ఉండాలి. కారం నాలుకను పట్టుకున్నప్పుడు వేసే గుటకలోనే ఆ ఆపిల్ పులుపు బాగా తెలుస్తుంది.