2011 నాటి హనీకోంబ్ టాబ్లెట్లు ఎందుకు ఆడలేదు?

ప్రశ్న: ఇల్లు సర్దుతుంటే అటక మీద 2011 నాటి పది అంగుళాల ఆండ్రాయిడ్ టాబ్లెట్ దొరికింది. సాఫ్ట్‌వేర్ పేరు హనీకోంబ్ అని ఉంది. ఐప్యాడ్‌కి గట్టి పోటీ అని అప్పట్లో తెగ రాశారు కదా, ఏడాది తిరిగేసరికి ఎవరి చేతిలోనూ కనపడకుండా ఎందుకు పోయాయి? అప్పుడు వాడినవాళ్లు చెప్పండి. ఇప్పుడు ఇది దేనికైనా పనికొస్తుందా?

జవాబు:

ఎవరిని అడిగినా "దానికి యాప్‌లు లేవు" అంటారు. నిజమే, కానీ ఎందుకు లేవు అన్నదే అసలు సంగతి. 2011లో నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఆండ్రాయిడ్ డెవలపర్‌ని. అమెరికా క్లయింట్లకు యాప్‌లు చేసి ఇచ్చేవాళ్లం. ఆ లేని యాప్‌లు ఎందుకు రాలేదో మా మీటింగుల్లోనే చూశాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చేసరికి ఆండ్రాయిడ్ కంపెనీల చేతిలో టాబ్లెట్ కోసం రాసిన సాఫ్ట్‌వేరే లేదు. ఆ ఏడాది చివర్లో శాంసంగ్ ఏడు అంగుళాల గెలాక్సీ టాబ్ తెచ్చింది. అందులో ఉన్నది ఫ్రోయో, అంటే ఆండ్రాయిడ్ 2.2. అది ఫోన్ల కోసం రాసింది. టాబ్లెట్లకు సరిపడేలా చేసింది కాదని గూగుల్ వాళ్లే అప్పట్లో బయటికి చెప్పారు. మన దేశంలో అమ్మిన గెలాక్సీ టాబ్‌లో ఫోన్ కాల్స్ కూడా చేసుకోవచ్చు. అంత వెడల్పు వస్తువును చెవికి ఆనించుకుని బస్టాపులో సీరియస్‌గా మాట్లాడేవాళ్లను చూసి మాకు నవ్వాగేది కాదు.

2011 ఫిబ్రవరి 2న గూగుల్ మౌంటెన్ వ్యూలో హనీకోంబ్‌ని, అంటే ఆండ్రాయిడ్ 3.0ని చూపించింది. ఇది టాబ్లెట్ల కోసమే మొదటి నుంచి ఆలోచించి చేసింది. పామ్ కంపెనీలో వెబ్ఓఎస్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ డిజైన్ చూసుకున్న మాటియాస్ డ్వార్టే గూగుల్‌కి వచ్చాక బయటికొచ్చిన పెద్ద పని ఇది. ఫోన్ కింద ఉండే బటన్లు పోయి బ్యాక్, హోమ్, రీసెంట్ యాప్స్ స్క్రీన్ మీదికే వచ్చాయి. జీమెయిల్ తెరిస్తే ఎడమ పక్క లిస్టు, కుడి పక్క మెయిలు. యాప్ పైభాగాన పనులన్నీ కనిపించే యాక్షన్ బార్. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లలో మీరు వాడిన వాటిలో సగం ఇక్కడ పుట్టినవే. డిజైన్ పరంగా హనీకోంబ్‌ని తిట్టేవాళ్లతో నేను ఇప్పటికీ వాదిస్తాను.

తిట్టాల్సింది తొందరని. ఫిబ్రవరి 24న అమెరికాలో వెరైజాన్ అనే మొబైల్ కంపెనీ ద్వారా మోటరోలా జూమ్ అమ్మకానికి వచ్చింది. హనీకోంబ్‌తో వచ్చిన మొదటి టాబ్లెట్ అదే. కాంట్రాక్టు లేకుండా 799 డాలర్లు, అప్పటి రేటులో దాదాపు 36 వేల రూపాయలు. ఐప్యాడ్ 499 డాలర్ల నుంచి మొదలయ్యేది. జూమ్‌లో ఎస్‌డీ కార్డు స్లాట్ ఉంది, కానీ పనిచేయదు, తర్వాత అప్‌డేట్ వస్తుందన్నారు. 4జీ ఉందన్నారు, కానీ కావాలంటే టాబ్లెట్‌ని కంపెనీకి తిరిగి పంపి పార్టు వేయించుకోవాలి, అది కూడా సెప్టెంబర్ దాకా మొదలవలేదు. ఐప్యాడ్‌లో లేదని గొప్పగా చెప్పుకున్న ఫ్లాష్ (అప్పట్లో వెబ్‌సైట్లలో వీడియోలు, ఆటలు నడిపించే సాఫ్ట్‌వేర్) కూడా అమ్మకం మొదలైన రోజున ఇందులో లేదు, మార్చి మధ్యలో వచ్చింది. మార్చి 2న ఐప్యాడ్ 2ని విడుదల చేస్తూ స్టీవ్ జాబ్స్ ఒక స్లైడ్ చూపించాడు: మాకు 65,000 యాప్‌లు, హనీకోంబ్‌కి 100. అప్పటికి జూమ్ అమ్మకానికి వచ్చి వారమే, కాబట్టి అది అన్యాయమైన పోలికే. అయినా ఆ 100 అనే అంకె అలాగే అతుక్కుపోయింది. జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల్లో మోటరోలా షాపులకు పంపిన జూమ్‌లు రెండున్నర లక్షలు. ఆపిల్ అమ్మిన ఐప్యాడ్లు దాదాపు 47 లక్షలు.

మా ఆఫీసుకి వచ్చింది వేరే కంపెనీ టాబ్లెట్, పేరు ఎందుకులెండి. అమెరికా నుంచి సెలవులకొచ్చిన కొలీగ్ తన బ్యాగులో తెచ్చాడు. ఒక చేత్తో పట్టుకుంటే కాసేపటికి మణికట్టు లాగేది. బ్రౌజర్ ఉన్నట్టుండి మూసుకుపోయేది. అయినా మాకది వరమే, ఎందుకంటే అది లేకపోతే కంప్యూటర్లో ఎమ్యులేటర్ మీద, అంటే టాబ్లెట్‌ని అనుకరించే ప్రోగ్రాం మీద టెస్ట్ చేయాలి. హనీకోంబ్ ఎమ్యులేటర్ ఆ రోజుల్లో ఆన్ చేసి కిందకెళ్లి టీ తాగొచ్చినా హోమ్ స్క్రీన్ వచ్చుంటుందన్న గ్యారంటీ లేదు. 1280 బై 800 స్క్రీన్‌ని, ఏఆర్ఎం ప్రాసెసర్‌ని మొత్తం సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించాలి కదా మరి. చాలామంది డెవలపర్లు టాబ్లెట్ వెర్షన్ జోలికి పోకపోవడానికి ఇది కూడా ఒక కారణం. అసలు కారణం మాత్రం ఇంకోటి.

మా క్లయింట్ ఒకాయనకి ఇళ్ల అమ్మకాలు, అద్దెల యాప్ చేసిచ్చాం. ఫోన్లో ఇళ్ల లిస్టు, ఒకటి నొక్కితే వివరాలు, అంతే. దాన్ని మార్చకుండా టాబ్లెట్లో వేసి చూశాం. ఏం కాలేదు! చక్కగా నడిచింది. ఆండ్రాయిడ్ రకరకాల స్క్రీన్ సైజుల్ని దృష్టిలో పెట్టుకుని కట్టింది కాబట్టి లేఅవుట్, అంటే స్క్రీన్ మీది అమరిక, దానంతటదే సాగింది. ఇంటి ఫోటో ఎడమ అంచున, ధర కుడి అంచున, మధ్యలో ఎకరం ఖాళీ. అందంగా లేదు, కానీ పగిలిపోలేదు. మెనూ బటన్ అవసరమైన పాత యాప్ అని గుర్తుపట్టి హనీకోంబ్ కింద దానికో బటన్ కూడా పెట్టింది పాపం.

నేను రెండు భాగాల లేఅవుట్ చేద్దామన్నాను, ఎడమ పక్క లిస్టు, కుడి పక్క వివరాలు, మ్యాపు. దాని కోసమే హనీకోంబ్‌లో స్క్రీన్‌ని ముక్కలుగా విడదీసి అమర్చుకునే ఫ్రాగ్మెంట్స్ అని కొత్త పద్ధతి ఇచ్చారు. పని చిన్నది కాదు. యాప్‌లో ప్రతి స్క్రీన్‌ని విడదీసి మళ్లీ కట్టాలి. టాబ్లెట్‌ని అడ్డంగా ఉన్నదాన్ని నిలువుగా తిప్పితే స్క్రీన్ మొత్తం మళ్లీ కొత్తగా తయారవుతుంది, అప్పుడు ఫ్రాగ్మెంట్లు ఒకదాని మీద ఒకటి పడటం ఆ రోజుల్లో అందరికీ ఉన్న తలనొప్పి. దానికి తోడు సైజుల గొడవ. అయిదంగుళాల డెల్ స్ట్రీక్‌ని, ఏడంగుళాల గెలాక్సీ టాబ్‌ని ఆండ్రాయిడ్ ఒకే "లార్జ్" గాటన కట్టేసింది. రెండింటికీ ఒకే లేఅవుట్ ఎలా కుదురుతుంది? స్క్రీన్ కనీస వెడల్పుని బట్టి లేఅవుట్ ఎంచుకునే వీలు జూలైలో హనీకోంబ్ 3.2తో గానీ రాలేదు.

ఇవన్నీ లెక్కేసి ఎస్టిమేట్ పంపాం. కాల్‌లో క్లయింట్ అడిగింది ఒకటే మాట: "ఇప్పుడు రన్ అవుతోందా లేదా?" అవుతోంది సార్ అన్నాడు మా మేనేజర్. "మరి దీనికి డబ్బెందుకు?" కాల్ అయిపోయాక మేనేజర్ నావైపు తిరిగి, "బాబూ, పనిచేస్తున్నదాన్ని బాగుచేయడానికి ఎవడూ బిల్లు కట్టడు" అన్నాడు.

అదే క్లయింట్ అదే యాప్ ఐప్యాడ్ వెర్షన్‌కి మాత్రం మారుమాట లేకుండా డబ్బిచ్చాడు. ఎందుకంటే ఐఫోన్ యాప్‌ని ఐప్యాడ్‌లో వేస్తే స్క్రీన్ మధ్యలో ఫోన్ సైజులో చిన్నగా, చుట్టూ నల్లగా కనిపించేది. రెండింతలు చేసే బటన్ నొక్కితే అక్షరాలు మసకబారేవి. దాన్ని చూపించుకోవడానికి ఎవరికైనా సిగ్గే. పైగా ఐప్యాడ్ యాప్‌లకు ఆప్ స్టోర్‌లో విడిగా చోటుంది, అక్కడ కనపడాలంటే విడిగా చేయాల్సిందే. ఆండ్రాయిడ్ మార్కెట్‌లో (ఇప్పటి ప్లే స్టోర్) టాబ్లెట్ కోసం కష్టపడి చేసినవాడికి, చేయనివాడికి పెద్ద తేడా కనపడేది కాదు. అంటే ఆండ్రాయిడ్ లేఅవుట్ ఎంత బాగా సాగేదో, టాబ్లెట్ యాప్‌లు అంత తక్కువొచ్చాయి. ఈ మాట అప్పుడు చెప్తే మా టీమ్‌లోనే నవ్వారు. తర్వాత గూగుల్ 3.2లో పాత యాప్‌ని సాగదీయకుండా ఉన్నదున్నట్టు పెద్దది చేసి చూపించే మోడ్ పెట్టింది. ఏ ఐప్యాడ్ పద్ధతిని చూసి ఆండ్రాయిడ్ అభిమానులు ఎగతాళి చేశారో, చివరికి దాని దగ్గరికే వచ్చారన్నమాట.

కొనేవాళ్లు ఎక్కువుంటే క్లయింట్లే దిగొచ్చేవారు. అది జరగకపోవడానికి ఇంకో కారణం సోర్స్ కోడ్, అంటే ఇతర కంపెనీలు వాడుకోవడానికి కావాల్సిన అసలు ప్రోగ్రాం. హనీకోంబ్ కోడ్‌ని గూగుల్ అప్పట్లో బయటపెట్టలేదు, ఫోన్లకు ఇంకా సిద్ధంగా లేదని ఆపేసింది. 2011 నవంబర్‌లో ఆండ్రాయిడ్ 4.0 కోడ్‌తో పాటే అదీ బయటికొచ్చింది. ఈలోపు పెద్ద కంపెనీల చేతికే హనీకోంబ్ దక్కింది, వాటి ధరలేమో మనవాళ్లకు అందవు. చవక టాబ్లెట్లు చేసే చిన్న కంపెనీలకు మిగిలింది మళ్లీ ఆ ఫోన్ సాఫ్ట్‌వేరే. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేసిన చవక ఆకాశ్ టాబ్లెట్ గుర్తుందా? మన హైదరాబాద్‌లోనే అసెంబుల్ చేశారు. ఏడు అంగుళాల స్క్రీన్, గట్టిగా నొక్కితే గానీ స్పందించని రకం, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. ఆండ్రాయిడ్ మార్కెట్ కూడా లేదు. ఆ రోజుల్లో మా టాబ్లెట్ ఎవరి కంటబడినా "ఇదేనా ఆకాశ్? ఎలా బుక్ చేయాలి?" అని అడిగేవారు. సరైన సాఫ్ట్‌వేర్ ఉన్నది కొనలేరు, కొనగలిగినదాంట్లో సరైన సాఫ్ట్‌వేర్ లేదు. ఇక యాప్‌లు ఎవరి కోసం రాయాలి?

తెలుగు సంగతి కూడా చెప్పాలి. హనీకోంబ్‌లో తెలుగు రాదు. పేపర్ వెబ్‌సైట్ తెరిస్తే పేజీ నిండా డబ్బాలే. అంత పెద్ద స్క్రీన్ మీద ఈనాడు చదువుకుందామని ఆశపడ్డవాళ్లకి అది పెద్ద దెబ్బ. అప్పట్లో అందరం వాడిన చిట్కా ఓపెరా మినీ. అడ్రస్ దగ్గర ఓపెరా కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్నదానికి ఎస్ పెడితే, సర్వర్ దగ్గరే అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. కాస్త గరుకుగా ఉన్నా చదవగలిగేవాళ్లం. ఆండ్రాయిడ్‌లో తెలుగు సొంతంగా రావడం 2012లో 4.1తో మొదలైంది.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. 2012 జూన్‌లో గూగుల్ ప్రకటించిన 199 డాలర్ల టాబ్లెట్ నెక్సస్ 7 బాగా అమ్ముడైంది. చాలామంది దాన్ని ఆండ్రాయిడ్ టాబ్లెట్ల గెలుపు అంటారు, నేను ఒప్పుకోను. ఏడు అంగుళాల స్క్రీన్ మీద ఫోన్ యాప్ సాగినా వికారంగా ఉండదు, అందుకే బతికింది. పది అంగుళాల సమస్యని తీర్చలేదు, తప్పించుకున్నారు. మళ్లీ పెద్ద స్క్రీన్ల కోసమంటూ 2022లో ఆండ్రాయిడ్ 12ఎల్ అని ప్రత్యేకంగా వెర్షన్ తేవాల్సి వచ్చింది.

ఇక మీ టాబ్లెట్. చార్జింగ్ పెట్టేముందు వెనక భాగం ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే పెట్టొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. బాగుంటే దాని సొంత చార్జర్ వెతకండి. అప్పటి టాబ్లెట్లు కొన్ని మామూలు యూఎస్‌బీ వైరుతో ఎక్కవు, సన్న పిన్ను చార్జరే కావాలి. ఆన్ అయ్యాక సెట్టింగ్స్‌లో వెర్షన్ చూడండి. కొన్నిటికి 4.0, జూమ్ లాంటి వాటికి 4.1 కూడా వచ్చింది, 4.1 ఉంటే తెలుగు కనపడుతుంది. ఇంకా 3 దగ్గరే ఉంటే ఇంటర్నెట్ మీద ఆశ వదులుకోండి. గూగుల్ ప్లే సర్వీసెస్ హనీకోంబ్‌ని 2017 నాటికే వదిలేసింది, నేటి వెబ్‌సైట్ల భద్రతా పద్ధతులు ఆ బ్రౌజర్‌కి తెలియవు కాబట్టి చాలావరకు తెరుచుకోవు. బ్యాంకు పాస్‌వర్డులు, మెయిల్ లాంటివి అందులో అసలు పెట్టొద్దు.

ఒక పనికి మాత్రం బాగుంటుంది. కంప్యూటర్‌కి వైరుతో కలిపి తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఎక్కించుకోండి. స్కాన్ చేసినవైనా, ఫాంట్ లోపలే ఉన్నవైనా టాబ్లెట్‌కి తెలుగు రాకపోయినా చక్కగా కనపడతాయి. పీడీఎఫ్ చదివే యాప్ అందులో ముందే ఉందేమో చూసుకోండి, లేకపోతే ఆ వెర్షన్‌కి సరిపడే పాత ఫైలు వెతికి కంప్యూటర్ నుంచే ఎక్కించాలి. మరీ పెద్ద స్కాన్ ఫైళ్లయితే ముక్కలు చేసి ఎక్కించండి, మొత్తం ఒకేసారి తెరిస్తే దాని ర్యామ్ తట్టుకోదు.