ఆ మూడేళ్లు రాయమ్మా

అమ్మాయికి,

నీ కథ చేరి చాలా రోజులైంది. రెండోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మూడేళ్లు గడిచాయి.’ దానికి ముందు నీ కథలోని నాయనమ్మ, దాదీ, అన్నం వార్చి, ఆ సంగతి మరిచి మళ్లీ ఎసరు పెడుతుంది. దాని తర్వాత డాక్టరు గదిలో కూర్చుని ఉంటుంది, డాక్టరు డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు గురించి అరపేజీ ఉపన్యాసం ఇస్తాడు. నాకు కోపం వచ్చింది. కథంతా ఆ మూడేళ్లలోనే ఉంది, నువ్వు దాన్ని ఒక్క లైనులో దాటేశావు.

ఎసరు పెట్టే సీను బాగుంది. దాన్ని ముట్టుకోకు.

విజయవాడ బందరు రోడ్డు మీద ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ లెక్చరరుకీ, వించిపేట సందులో ఉండే మీ దాదీకీ ఇదే జబ్బు రావచ్చు. ఆయన రెండుసార్లు బండి తాళం ఎక్కడ పెట్టాడో మర్చిపోతే కొడుకు అమెరికా నుంచే న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుంటాడు. దాదీ మర్చిపోతే ‘వయసు మీద పడింది, చాదస్తం’ అంటారు. ఆ మాట ముందు ఎవరన్నారో రాయి. తర్వాత ఎవరో గాలి సోకిందన్నారు, దర్గాకి తీసుకెళ్లారు. ఆ సీనులో వెక్కిరింపు రానివ్వకు. అక్కడ ఆమెను కూర్చోబెట్టి, ఆమె భాషలో, తొందరపెట్టకుండా అడిగినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత సందు చివరి ఆర్ఎంపీ నిద్రమాత్రలు ఇచ్చాడు, వాటితో మనిషి ఇంకా అయోమయంలో పడింది. కోడలు మిషను కుడుతుంది కదా, పని మానితే ఆ రోజు డబ్బులు రావు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీకి ఒక రోజు, రక్తపరీక్షకు ఒక రోజు, రిపోర్టు పట్టుకుని మళ్లీ ఇంకో రోజు. ఎన్ని రోజుల సంపాదన పోయిందో ఆ కోడలికి కచ్చితంగా తెలుసు. కథలో నాకు ఆ లెక్క కావాలి.

పరీక్ష సీను కూడా నువ్వు రాయలేదు. జ్ఞాపకశక్తి చూడటానికి ఎక్కువగా వాడేది 1975లో అమెరికాలో తయారైన 30 మార్కుల పరీక్ష. ఈరోజు తేదీ ఎంత, నెల ఏది, వందలోంచి ఏడేడు తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి, ఈ ఐదు మూలల బొమ్మలు చూసి గీయి. మీ దాదీ ఎప్పుడూ పెన్సిలు పట్టలేదు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర గాజులమ్మినంత కాలం చిల్లర లెక్క తప్పని మనిషి, ఈ కాగితం ముందు తప్పుతుంది. నెల ఏదమ్మా అంటే ‘రజబ్’ అంటుంది. ముస్లిం క్యాలెండరు ప్రకారం నిజంగానే అది రజబ్ నెల. కాగితం మీద సున్నా పడుతుంది. 1990ల్లోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ల కోసం ఈ ప్రశ్నల్ని మార్చి రాశారు. చేయదలచుకుంటే కుదిరే పనేనని దాన్నిబట్టే తెలుస్తోంది.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వాళ్లు 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టారు. ఒకే భాష తెలిసినవాళ్లకంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. దాదీ ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడింది. బడి ఇవ్వనిది బజారు కొంత ఇచ్చింది. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవచ్చు. అప్పుడు ఆమెను తెలుగులోనే ప్రశ్నలడిగితే ఏం తేలుతుంది?

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువు లేనివాళ్లలో ఎక్కువ. అమెరికాలో పెద్దవయసు నల్లజాతివాళ్లకు డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ వచ్చే అవకాశం తెల్లవాళ్లకంటే దాదాపు రెండింతలు. ఇది రక్తంలోంచి వచ్చిన తేడా అని నేను నమ్మను. 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన కమిషన్ డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాలు చెప్పింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, బీపీ, షుగరు, వినికిడి, చూపు తగ్గడం, ఒంటరితనం, గాలి కాలుష్యం వాటిలో ఉన్నాయి. ఇవన్నీ సరిచేయగలిగితే ప్రపంచంలో 45 శాతం కేసుల్ని ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు. ఆ జాబితా పట్టుకుని మీ సందులో ఒకసారి నడిచి చూడు.

నేను గుంటూరులో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ కథలు రాసే రోజుల్లో, ఆసుపత్రి వరండాలో తల్లిని పడుకోబెట్టుకున్న కూతురి కథ ఒకటి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు తిప్పి పంపాడు. క్యూలో నిలబడటం పాఠకులకు విసుగు, అది తీసేసి కన్నీళ్లు పెంచమన్నాడు. నేను తీయలేదు. ఆ కథ ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో ఉంది, అచ్చయ్యేసరికి మా అమ్మ లేదు. అదే మనిషి ముస్లిముల కథలు రంజాన్ సంచికకు మాత్రం అడిగేవాడు. సేమియా, అత్తరు ఉంటే చాలు. ఆ ఇళ్లలో ముసలివాళ్లకు చెవుడు వస్తుందని, షుగరు ముదురుతుందని రాస్తే వద్దు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకొకటి, మతిమరుపును ప్రతీక చేయడం. చరిత్ర మరిచిన దేశం, మూలాలు మరిచిన తరం! నీ ఆఖరి పేరాలో ఆ వాసన తగిలింది. కొట్టెయ్. దాదీ దేనికీ ప్రతీక కాదు. ఆమెకు జబ్బు చేసింది, వైద్యం కావాలి.

ఇంకొకటి. పెన్షన్ 4,000 ఇవ్వడానికి నెల నెలా సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వస్తాడు, వేలిముద్ర తీసుకుంటాడు. ఆరోగ్యం వాకబు చేయడానికి ఆశా కార్యకర్త వస్తుంది. మూడేళ్లు ప్రభుత్వం ఆ ఇంటికి నడిచి వస్తూనే ఉంది. ‘దాదీకి మతిమరుపు ఎక్కువైందా’ అని కోడలిని ఒక్కరైనా అడిగారా? అది నీ కథలో గట్టిగా రావాలి. డాక్టరు ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ దాదీ మీ ఇంట్లో నిజంగానే ఉందని నా అనుమానం. అలాగైతే కథ పక్కన పెట్టు. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వాటికి మందులున్నాయి. ఆ రక్తపరీక్షలు చేయించు, చెవులు, కళ్లు చూపించు. పెద్దాసుపత్రికి పొద్దున్నే వెళ్లు, ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లు, ఆ నిద్రమాత్రలతో సహా. ప్రశ్నలు అడిగేటప్పుడు నువ్వు దాదీ పక్కనే కూర్చుని ఉర్దూలో అడిగి, ఆమె జవాబు ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పు. ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి.