అమ్మాయికి ఎయిర్ పిస్టల్ కొంటున్నాం, లైసెన్స్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ అకాడమీ పిస్టల్‌తోనే కాల్చింది. స్కోరు బాగా వస్తోంది, ఇక సొంతది కొనండని కోచ్ అంటున్నారు. కొత్తది మా స్తోమతకు మించిన ధర. అకాడమీలో సీనియర్ అబ్బాయి తన పాతది అమ్ముతానంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా బావమరిదేమో అక్కడ వీటికి లైసెన్సే ఉండదు, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. ఇంట్లో మా నాన్నగారి పేరిట లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. పొలంలో దాంతో నాలుగు రౌండ్లు కాలిస్తే పాపకు భయం పోతుందని ఆయన ముచ్చట. రేపు పాయింట్ 22 పిస్టల్‌కి మారాలంటే నా పేరిట లైసెన్స్ తీసుకుని పాపకు ఇవ్వవచ్చా? వీటిలో ఏది చట్టబద్ధం, ఏది కాదు?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందుగా పొలం సంగతి. మీ నాన్నగారి ముచ్చట అర్థమైంది. కానీ ఆ తుపాకీ అమ్మాయి చేతికి ఒక్కసారి కూడా వెళ్లకూడదు. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 9 ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకీ కలిగి ఉండటం, వెంట తీసుకెళ్లడం నిషిద్ధం. శిక్షణ కోసం ఇచ్చిన మినహాయింపు ఒకటుంది, అది కింద చెబుతాను. పొలం గట్టుకి మాత్రం అది వర్తించదు. లైసెన్స్ అనేది ఇంటికి ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. అర్హత లేని వ్యక్తికి ఆయుధం అందిస్తే సెక్షన్ 29, లైసెన్స్ షరతులు మీరితే సెక్షన్ 30 మీ నాన్నగారి మీదికి వస్తాయి. నిర్లక్ష్యంగా కాల్చి పక్కవాళ్ల ప్రాణాలకు ముప్పు తెస్తే 2019 సవరణతో చేర్చిన సెక్షన్ 25(9) ఉంది. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవారి కోసమే అది వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిర్లక్ష్యంగా కాల్చిన ఎవరికైనా అది వర్తిస్తుంది, పొలంలోనైనా సరే. పైగా పన్నెండు బోరు తుపాకీ భుజానికి ఆనించి కాల్చేది, గట్టిగా వెనక్కి తన్నుతుంది. ఒంటిచేత్తో నిశ్చలంగా పట్టే పిస్టల్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. చిన్నపిల్లకు భయం పోవడం మాట అటుంచి, కొత్త భయం పట్టుకుంటుంది.

ఇక ఎయిర్ పిస్టల్. మీరు కొనబోయే రకానికి లైసెన్స్ అక్కర్లేదు గానీ, ఎందుకు అక్కర్లేదో తెలియకపోతే మిగతా ప్రశ్నలన్నిటిలోనూ తడబడతారు. సెక్షన్ 2(1)లో తుపాకీకి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. పేలుడు పదార్థంతో గానీ, మరే ఇతర శక్తితో గానీ గుండును విసిరేలా తయారైన ఏ ఆయుధమైనా అందులోకి వస్తుంది. సిలిండర్‌లో నొక్కిపెట్టిన గాలి కూడా శక్తే. అంటే మీ అమ్మాయి పిస్టల్ చట్టం కళ్లకు బొమ్మ కాదు, ఆయుధమే. దానికి లైసెన్స్ తప్పింది కేవలం మినహాయింపు వల్ల. ఆయుధ నియమాలు, 2016 ఆ మినహాయింపుకు రెండు హద్దులు గీశాయి. గొట్టం వ్యాసం పాయింట్ 177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గుండు గొట్టం వదిలేటప్పుడు దాని శక్తి 20 జూల్స్ మించకూడదు. రెండిట్లో ఏ ఒక్కటి దాటినా లైసెన్స్ కావలసిందే.

పోటీలకు వాడే పిస్టళ్లు ఈ హద్దుల్లో సుఖంగా ఇమిడిపోతాయి. మోరిని, స్టెయిర్, వాల్తర్, పార్డిని, ఫైన్‌వెర్క్‌బౌ ఏదైనా కానివ్వండి, 10 మీటర్ల పోటీకి 4.5 మిల్లీమీటర్లే ప్రమాణం, శక్తి కూడా ఆరేడు జూల్స్ ప్రాంతంలోనే ఉంటుంది. కాగితం మీద చిల్లు స్పష్టంగా పడితే చాలు, అంతకు మించి బలం ఆ ఆటకు అక్కర్లేదు. చిక్కంతా ఇంటర్నెట్‌లో కనిపించే "పవర్‌ఫుల్" ఎయిర్‌గన్లతో. వాటిలో చాలావరకు పాయింట్ 22 బోరు, అంటే 5.5 మిల్లీమీటర్లు. ఎయిర్‌గన్ అన్నారు కదా, లైసెన్స్ ఉండదనుకుని కొన్నవారు స్టేషన్ మెట్లెక్కిన సందర్భాలు నేను చూశాను.

అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్‌గన్ కొని, స్ప్రింగు మార్చి, వాల్వు తెరిచి బలాన్ని ఆ 20 జూల్స్ హద్దు దాటించడం. మెకానిక్‌లు దీన్ని ట్యూనింగ్ అంటారు. సెక్షన్ 6ను 2019లో సవరించి, ఒక కేటగిరీ తుపాకీని మరో కేటగిరీలోకి మార్చడాన్ని కూడా అందులో చేర్చారు. దాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 25(1) కింద కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఒక స్ప్రింగు కోసం కుర్రవాడి జీవితాన్ని ఆ సెక్షన్ దగ్గరికి తీసుకెళ్లవద్దని ప్రతి తల్లిదండ్రులనూ వేడుకుంటున్నాను. మీ అమ్మాయి పిస్టల్‌కి రిపేరు వస్తే కోచ్ చెప్పిన చోటే చేయించండి, ఏం మార్చారో రసీదు మీద రాయించుకోండి.

ఎంపికలో చూడవలసినవి నిజానికి కోచ్ చెప్పాలి. కానీ డబ్బు పోయాక మాలాంటి లాయర్ల దగ్గరికి వచ్చే తగాదాలు కొన్ని ఇక్కడే మొదలవుతాయి కాబట్టి చెబుతున్నాను. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును నిలపాలి. పోటీకి ముందు రెండూ తూచి చూస్తారు. పాత పిస్టల్ కొనేముందు ఆ తూకం వేయించండి. పిడి అమ్మాయి అరచేతి సైజుకు సరిపోవాలి, ఎడమచేతి వాటమైతే పిడి వేరు. అన్నిటికన్నా ముఖ్యం సిలిండర్. దాని మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. సాధారణంగా పదేళ్ల వరకే వాడకానికి అనుమతి. గడువు తీరిన సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు, 200 బార్ల ఒత్తిడిని లోపల పెట్టుకుని పగిలితే ప్రాణాంతకం కూడా. తేదీ చూడకుండా బేరం ఒప్పుకోకండి.

ఆ సీనియర్ అబ్బాయి దగ్గర కొనడం తప్పు కాదు. బిల్లు లేకుండా కొనడం తప్పు. మొదటి కొనుగోలు ఇన్‌వాయిస్, పిస్టల్ సీరియల్ నంబరు, అమ్మేవారి ఆధార్ నకలు తీసుకుని, ఇద్దరు సాక్షులతో అమ్మకపు పత్రం రాయించుకోండి. అబ్బాయి మైనరైతే వాళ్ల నాన్నో అమ్మో సంతకం చేయాలి. కొనుగోలుదారుగా మీ పేరే ఉండాలి, అమ్మాయి పేరు వద్దు. ఇంకొక మాట తప్పకుండా అడగండి: అది దేశంలోకి ఎలా వచ్చింది? మంచి మ్యాచ్ పిస్టళ్లన్నీ దాదాపు విదేశీవే. పేరున్న షూటర్లకు సుంకం రాయితీతో దిగుమతి చేసుకునే వీలుంది, ఆ రాయితీకి షరతులుంటాయి. దిగుమతి కాగితాలు చదివి, ఇతరులకు అమ్మే హక్కు ఆ కుటుంబానికి ఉందని తేలాకే డబ్బు ఇవ్వండి. డబ్బు కూడా బ్యాంకు ద్వారానే.

మీ బావమరిది చెప్పింది అమెరికా వరకు నిజమే. అక్కడి ఫెడరల్ చట్టంలో తుపాకీ అంటే పేలుడు శక్తితో పనిచేసేదే, అందువల్ల ఎయిర్ పిస్టల్ ఆ లెక్కలోకి రాదు. మన నిర్వచనం అలా లేదని పైన చూశారు. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగాక ఆయనను అడిగేది మన చట్టం. ఆయుధాల దిగుమతికి సెక్షన్ 10 ఉంది, విదేశీ వాణిజ్య విధానం ఆంక్షలున్నాయి, ఆపైన కస్టమ్స్ చట్టం. పండక్కి వచ్చిన మనిషి పిస్టల్ పోగొట్టుకోవడమే కాక, కేసు తెగేదాకా తిరుగు ప్రయాణం ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు. సాయం చేయాలని ఆయనకు ఉంటే డబ్బు పంపమనండి, పిస్టల్ ఇక్కడ అధీకృత డీలరు దగ్గర కొనండి.

ఇప్పుడు పాయింట్ 22 విషయం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో రెండు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌వి, రెండు 25 మీటర్ల పిస్టల్‌వి. ఆటగా చూస్తే ఒకదాని పక్కన ఒకటి. చట్టంగా చూస్తే మధ్యలో పెద్ద గోడ ఉంది. 25 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 పిస్టల్ కాల్చేది గాలి గుండు కాదు, మందుగుండు తూటా, దానికి ఏ మినహాయింపూ లేదు. అయితే 21 నిండేదాకా ఆగాల్సిన పని లేదు. సెక్షన్ 9(2) కింద, నిర్ణీత షరతులకు లోబడి, శిక్షణలో భాగంగా మైనర్లు తుపాకీ వాడవచ్చు. ఆచరణలో దీని అర్థం: లైసెన్స్ ఉన్న రేంజ్, అక్కడి ఆయుధం, కోచ్ కళ్ల ముందు. తూటా అక్కడే ఇచ్చి, అక్కడే లెక్క చూసుకుంటారు.

మీ పేరిట లైసెన్స్ తీసుకుని పాపకు ఇవ్వడం మాత్రం కుదరదు. ఈ ఆలోచన చాలా ఇళ్లలో ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సెక్షన్ 3లోని వెసులుబాటు ప్రకారం లైసెన్సుదారు సమక్షంలో గానీ, రాతపూర్వక అనుమతితో గానీ మరొకరు ఆయుధం మోయవచ్చు. కానీ అది మూడింటికే: రిపేరు, లైసెన్స్ రెన్యువల్, లేదా ఆ లైసెన్సుదారు వాడుకోవడానికి. కూతురు వాడుకోవడానికి అని అందులో లేదు. ఆత్మరక్షణ అని రాసి లైసెన్స్ తీసుకుని, దాన్ని అమ్మాయి సాధనకు వాడితే రెండు రకాల తప్పు. సెక్షన్ 25(1బి) కింద లైసెన్స్ లేకుండా తుపాకీ గానీ తూటా గానీ ఉంటే 2019 తర్వాత కనీస శిక్షే రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు.

సరైన దారి రాష్ట్ర రైఫిల్ సంఘం మీదుగా వెళ్తుంది. అమ్మాయిని సభ్యురాలిగా చేర్చండి, ఎన్‌ఆర్‌ఏఐ (జాతీయ రైఫిల్ సంఘం) షూటర్ ఐడీ తీసుకోండి, ఆడిన ప్రతి పోటీ స్కోరు సర్టిఫికెట్ భద్రపరచండి. రాష్ట్ర పోటీల నుంచి జాతీయ పోటీలకు అర్హత ఇచ్చే మావ్‌లంకర్ పోటీలకు, అక్కడి నుంచి జాతీయ పోటీలకు వెళ్లేకొద్దీ ఆ కాగితాలే లైసెన్స్ దరఖాస్తుకు బలం. చట్టం జూనియర్ షూటర్లను ప్రత్యేకంగా గుర్తించింది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ వాళ్లకు మామూలు పరిమితికి అదనంగా ఉండే ఆయుధాలను ఒకటి నుంచి రెండుకు పెంచింది. సాధన కోసం ఏడాదికి ఇచ్చే పాయింట్ 22 తూటాలను వెయ్యి నుంచి ఐదు వేలకు పెంచింది కూడా అదే. దరఖాస్తు మీ జిల్లాలో కలెక్టరుకు, కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరుకు. పోలీసు విచారణ ఉంటుంది, ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్ అడుగుతారు. కారణం గడిలో క్రీడ, లక్ష్య సాధన అనే రాయండి.

ఆ స్థాయికి వెళ్లాక పనికొచ్చే ఒక అలవాటు ఇప్పుడే నేర్పండి. రేంజ్ నుంచి వచ్చిన ప్రతిసారీ సంచిని బోర్లించి, అరలన్నీ వెతకాలి. అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్కానింగ్‌లో కనబడి కేసులైనవి ఎన్నో. గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది, తన దగ్గర ఉందనే ఎరుక ఉంటేనే అది చట్టం చెప్పే స్వాధీనం అవుతుందని. ఆ తీర్పు ఆధారంగా ఇలాంటి కేసులు హైకోర్టుల్లో కొట్టివేయిస్తుంటాం. కానీ అది ఎఫ్‌ఐఆర్ అయ్యాక, పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ ఇబ్బంది పడ్డాక దొరికే ఊరట.

ఎయిర్ పిస్టల్‌తో ప్రయాణానికి అంత భయం లేదు. తాళం వేసిన పెట్టెలో పెట్టండి, పెల్లెట్లు వేరుగా ఉంచండి, బిల్లు, అకాడమీ గుర్తింపు కార్డు, పోటీ ఎంట్రీ పత్రం పైన పెట్టండి. బస్టాండులో, రైల్లో పెట్టె తెరవకూడదు. విమానమైతే చెక్-ఇన్ కౌంటర్లో ముందే చెప్పాలి, సిలిండర్ ఖాళీ చేసి ఉండాలి, చేతిసంచిలో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఎక్కువ భాగం గుండు లేకుండా గోడకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కే సాధనే ఉండాలని మంచి కోచ్‌లందరూ చెబుతారు. చట్టరీత్యా కూడా అదే క్షేమం. 4.5 మిల్లీమీటర్ల గుండుకు కన్ను పోగొట్టే బలం ఉంది, పొరుగింటి పిల్లవాడికి తగిలితే మినహాయింపు మిమ్మల్ని కాపాడదు. పెరట్లో పిట్టల మీద గురి చూడటం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం కావచ్చు. అన్నదమ్ముల పిల్లలు వచ్చినప్పుడు పిస్టల్ బీరువాలో, తాళంచెవి మీ దగ్గర ఉండాలి.

చివరగా మీ నాన్నగారి తుపాకీ. ఆయన వయసు మీరు రాయలేదు. డెబ్బై ఏళ్లు నిండినా, లైసెన్స్ తీసుకుని పాతికేళ్లు దాటినా, ఆయన జీవించి ఉండగానే చట్టబద్ధ వారసుడిగా మీ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టే వీలు 2016 నియమాల్లో ఉంది. ఆయన తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే, ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం అవుతుంది. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ పని ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ నెలలోనే ఆయన లైసెన్స్ పుస్తకం తీసి గడువు తేదీ చూడండి, ఇద్దరూ కలిసి కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కు వెళ్లండి.