టర్బో కంటే ముందు బ్రేకుల సంగతి చూడండి

రోజూ రోడ్డు మీద, అప్పుడప్పుడు ట్రాక్ మీద నడిపే మీ కారుకు ముందు ఇంజన్ శక్తి పెంచే టర్బో అమర్చాలా, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉండే సస్పెన్షన్ మార్చాలా అని అడిగారు. అయితే నాలుగైదు ల్యాపుల తరువాత బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోందని మీరు చివర్లో రాసిన మాటే నన్ను కలవరపెట్టింది. దయచేసి అది సరిచేసేవరకు శక్తి పెంచే ఆలోచన పక్కన పెట్టండి.

పెడల్ ఒత్తిడిని చక్రాల దగ్గరి బ్రేకులకు చేరవేసే ద్రవం, అంటే బ్రేక్ ఫ్లూయిడ్, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఈ ఫ్లూయిడ్ రకాల్లో ఒకటైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ చేరిన ఫ్లూయిడ్‌కు ఆ కనీస పరిమితి 155 డిగ్రీలే. చక్రంతో తిరిగే డిస్కుకు బ్రేక్ ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ వేడికి ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, మీ కాలి ఒత్తిడిలో చాలా భాగం ఆ బుడగలను నొక్కడానికే పోతుంది, ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టవు. పాతదంతా తీయించి, మరుగు స్థానం ఎక్కువగా ఉన్న డాట్ 4 నింపించి, నాలుగు చక్రాల వద్దా బ్రేక్ గొట్టాల్లో చిక్కిన గాలి తీయించండి. సిలికోన్ రకమైన డాట్ 5 మాత్రం పొరపాటున కూడా కలపవద్దు.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే మాత్రం ప్యాడ్లు వేడికి తట్టుకోవడం లేదని అనుకోవాలి. పూర్తి రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు కనుక, రోడ్డు మీద కూడా తిరిగే మీకు మధ్యరకమే క్షేమమని నా అభిప్రాయం.

ఆ తరువాత మంచి టైర్లు. ముందు టైర్ల బయటి అంచు మాత్రమే త్వరగా అరుగుతుంటే, స్ప్రింగులు కొనేముందు గాలి ఒత్తిడి సరిచూసి, నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం కారు లోపలివైపు వంగి ఉండే కోణం) కొంత పెంచి చూడండి. టర్బో పెట్టే రోజు వస్తే, రేడియేటర్, ఆయిల్ కూలర్ ఆ అదనపు వేడిని మోయగలవో లేదో ముందే పరీక్ష చేయించండి.