మొదటి సేఫ్టీ రేజర్ ఏది కొనాలి? పాత జిలెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదటిదానికి మ్యూలే కంపెనీ ఆర్89 లాంటి, మూడు ముక్కలుగా విడదీయగలిగే క్లోజ్డ్ కోంబ్ (బ్లేడు కింది అంచుకు దువ్వెన పళ్లలాంటి సందులు లేని) రేజర్ తీసుకోండి, కాస్త చెయ్యి తప్పినా ఓర్చుకుంటుంది. బ్లేడును పదును లేని పొట్టి అంచుల దగ్గర పట్టుకుని బిగించండి. రెండు వైపులా సమానంగా బయటికి రాకపోతే, ఎక్కువ వచ్చిన పక్క గాట్లు పడతాయి. చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పెట్టి, మిగతాది రేజర్ బరువుకే వదిలేయండి. కార్ట్రిడ్జ్‌కి (బ్లేడ్ల తల మొత్తంగా మార్చే మామూలు రేజర్‌కి) అలవాటుపడ్డ చెయ్యి నొక్కకుండా ఉండలేదు, అసలు చిక్కంతా అక్కడే.

పాతవాటిలో అమెరికా జిలెట్ సూపర్ స్పీడ్‌తో మొదలుపెట్టొచ్చు. 1951 నుంచి తల అడుగున తయారైన కాలం చెప్పే అక్షరం, అంకె ఉంటాయి: జెడ్3 అంటే 1954 మూడో త్రైమాసికం. పిడి చివర నాబ్ తిప్పితే తల మీద బ్లేడును కప్పే తలుపులు రెండూ ఒకేలా తెరుచుకుని మూసుకోవాలి. గీతలు పర్లేదు. తలుపు వంగినదైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.