పిల్లాడి నోట్లో పెద్దల గొడవ

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. కింది దవడ పళ్లు రెండు పుచ్చిపోయాయి. రాత్రిళ్లు బుగ్గ పట్టుకుని ఏడుస్తున్నాడు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, వాణ్ని మా అత్తగారు చూసుకుంటారు. చాక్లెట్లు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. ‘పాలపళ్లే కదా, ఊడిపోయేవే’ అంటారు. వాడి నోట్లో టార్చి వేసి మా వారికి చూపించి ‘ఇదీ మీ అమ్మ నిర్వాకం’ అంటే ఆయన ఫోన్‌లోంచి తలెత్తరు. డెంటిస్ట్ దగ్గర వాడు నోరు తెరవలేదు, కుర్చీ దిగి పరుగెత్తాడు. ఇంటికొచ్చాక ‘నాయనమ్మను తిట్టనంటే తెరుస్తా’ అన్నాడు. ఆవిడే నేర్పి ఉంటారు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. పార్కుకని చెప్పి తీసుకెళ్లనా? మా అత్తగారికి బుద్ధి వచ్చేదెలా?
– ఓ సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: పార్కుకని చెప్పి తీసుకెళ్లకండి. ఆ తర్వాత మీరు నిజంగా పార్కుకు రమ్మన్నా వాడు నమ్మడు. ఇక అత్తగారికి బుద్ధి చెప్పే ఉపాయం నన్ను అడగకండి, నేను చెప్పను.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది మీ బాబు అన్న మాట. అది ఆవిడ నేర్పారని ఎందుకనుకున్నారు? తన పళ్ల సంగతి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏం జరుగుతోందో వాడు చూస్తూనే ఉన్నాడు కదా. నోరు తెరిస్తే టార్చి పడుతుంది, టార్చి పడితే నాయనమ్మకు చీవాట్లు పడతాయి. పొద్దున మీరు గుమ్మం దాటింది మొదలు స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఆవిడ చేతుల మీదే. ఆ మనిషిని కాపాడుకోవడానికి వాడు నొప్పిని ఓర్చుకుంటున్నాడు. అయిదేళ్ల పిల్లాడు మోయాల్సిన బరువు కాదిది.

మీ అత్తగారిది తప్పు లేదని అనడం లేదు. పాలపళ్లలో ముందువి ఆరేడేళ్లకు ఊడిపోతాయి గానీ దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అంటే ఆ రెండు పళ్లతో వాడు ఇంకా అయిదారేళ్లు నమలాలి. ముందే పీకేయాల్సి వస్తే పక్క పళ్లు జరిగి, తర్వాత వచ్చే పన్నుకు చోటు చాలదు. చీము పడితే లోపల తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినొచ్చు. ఇదంతా మీరు చెబితే కోడలి సాధింపులా వినిపిస్తుంది. డాక్టర్ చెబితే వింటారు. అందుకే ఈసారి ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి. ముందే ఫోన్ చేసి, ‘ఎవరు పెట్టారని పిల్లాడి ముందు అడగకండి, ఇక మీదట ఏం చేయాలో చెప్పండి చాలు’ అని డాక్టర్‌తో అనండి.

ఇంకో మాట. రాత్రి పాలు తాగాక వాడి చేత పళ్లు తోమించింది ఎవరు? ఆ వేళకు మీరిద్దరూ ఇంట్లోనే ఉంటారు కదా. జీతం లేకుండా మీ బిడ్డను సాకుతున్న మనిషి గురించి మీ ఉత్తరంలో ఒక్క మంచి మాటైనా ఉందేమోనని వెతికాను. లేదు. కోడలు అత్తగారి ముందు తలవంచుకుని బతకాలనే దాన్ని కాదు నేను. కానీ ఒకరి చాకిరీ తీసుకుంటూ, వాళ్లను బిడ్డ ముందు దోషిలా నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు. మీ వారిదీ తప్పే. తల్లికి చెప్పాల్సింది కొడుకు. ఆ పని మీ మీదకు నెట్టి ఫోన్ చూసుకుంటే కుదరదు, ఆయన్ను ఆ రోజు సెలవు పెట్టమనండి.

ఈ రాత్రే, బాబు వింటుండగా, ‘వాడి పళ్లు పాడైంది మీ ఒక్కరి వల్ల కాదత్తయ్యా, రాత్రిపూట నేనూ పట్టించుకోలేదు’ అనండి. గొంతు దాకా వచ్చి ఆగిపోతుందని తెలుసు. అయినా అనండి. డాక్టర్ దగ్గర నాయనమ్మను ఎవరూ ఏమీ అనరని బాబుకు కూడా విడిగా చెప్పండి.

మిగిలినది పెద్ద పని కాదు. వారం ముందు నుంచీ ఊదరగొట్టకుండా, ముందు రోజు చెప్పండి. ‘డాక్టర్ నీ పళ్లు లెక్కపెడతారు, పుచ్చు ఉన్నచోట శుభ్రం చేస్తారు’ అంటే సరిపోతుంది. ‘అస్సలు నొప్పి ఉండదు’ అని మాటివ్వకండి. ‘సూది వెయ్యర్లే’ అని కూడా అనొద్దు, వాడికి అందులో సూది ఒక్కటే వినిపిస్తుంది. నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ టార్చి వాడి చేతికే ఇచ్చి ఆవిడ పళ్లు లెక్కపెట్టమనండి. రెండు రోజులు ఆ ఆట ఆడనివ్వండి.

వీలైతే పిల్లల పళ్ల డాక్టర్ దగ్గరికి, అంటే పిడోడాంటిస్ట్ దగ్గరికి వెళ్లండి. పరికరం పేరు చెప్పి, చూపించి, వేలి మీద తాకించి, ఆ తర్వాతే నోట్లో పెట్టడం వాళ్ల చదువులో భాగం. నిద్ర ముంచుకొచ్చే సాయంత్రం వేళ వద్దు, పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకోండి. మత్తు ఇస్తే పెదవి మొద్దుబారి ఉంటుంది. పిల్లలు తెలియక కొరికేసుకుంటారు, మత్తు దిగేదాకా ఏమీ తిననివ్వకుండా ఒకరు పక్కనే ఉండాలి. బాగా కూర్చున్నందుకు చాక్లెట్ ఇస్తానని మాత్రం ఎవరూ అనొద్దు. రాత్రి పళ్లు తోమించడం ఇక మీ దంపతుల పని. శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు, బ్రష్ మీ చేతిలోనే ఉండాలి.

ఈలోగా వాడి బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా వచ్చే వారం దాకా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి.