నాన్నగారికి కొత్త స్మార్ట్‌ఫోన్ కొన్నాను, అందులో ఉపయోగపడే యాప్స్ ఏవేవి వేసివ్వాలి?

ఏమీ వెయ్యకండి. వెటకారం కాదు, నిజంగానే చెప్తున్నా. ఫోన్ ఆయన చేతికిచ్చి, అక్షరాల సైజు పెద్దది చేసి, రెండు వారాలు ఊరుకోండి.

మీరు పాతిక పేర్ల లిస్ట్ కోసం అడిగారని తెలుసు. ఆ లిస్ట్ నేనూ ఒకప్పుడు తయారుచేశా, దాని గతేమైందో చెప్తా.

మా నాన్న రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు గార్డు అనకూడదట, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలట, ఆ మాటంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మంట. అమ్మా ఆయనా సామర్లకోటలో ఉంటారు, నేను హైదరాబాద్. 2022 దసరాకి ఊరెళ్తూ కొత్త ఫోన్ పట్టుకెళ్ళా. ఆ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒంటిగంట దాకా యాప్స్ ఎక్కిస్తూనే ఉన్నా, లెక్కపెడితే 23. బీపీ రాసుకునేది ఒకటి, పంచాంగం ఒకటి, వార్తలవి మూడు, మందులు గుర్తుచేసేది, నీళ్ళు తాగమని గుర్తుచేసేది, అడుగులు లెక్కపెట్టేది, టార్చ్ ఒకటి (టార్చ్ ఫోన్లోనే ఉంటుంది, ఐనా వేసా, ఎందుకేసానో దేవుడికే తెలియాలి). పొద్దున్న ఆయనకి అన్నీ వరసగా చూపించా, ఆయన అన్నిటికీ "ఊఁ" అన్నారు. మా నాన్న "ఊఁ" అంటే వినట్లేదని అర్థం, అది మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు, ఐనా మురిసిపోయి బస్సెక్కేసా.

నవంబర్ వచ్చింది. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే నవంబర్ అంటే ఏంటో మీకు తెలిసే ఉంటుంది, బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాలి. ప్రతి ఏడూ బ్యాంక్‌కి వెళ్ళి లైన్లో నించునేవారు. ముందటేడు, అంటే 2021 నవంబర్లోనే, కేంద్రం వాళ్ళు మొహం చూపిస్తే చాలు అనే పద్ధతి తెచ్చారు, ఫోన్ కెమెరాతోనే ఐపోతుంది. ఆ ఏడు ఆయనకి మోకాలు నొప్పి, మెట్లెక్కలేరు, సరే ఇంట్లోనే చేసేద్దాం నాన్నా అని ఫోన్ చేసా. కొత్త ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు చేసి అమ్మ బటన్ల ఫోన్‌కి చేస్తే, "అది బీరువాలో ఉందే, తువ్వాలు చుట్టి పెట్టారు" అంది.

సంగతేంటంటే ఆ నీళ్ళు తాగమనే యాప్ గంటకోసారి టింగుమంటోంది. ముప్పై ఏళ్ళు అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే లేచి డ్యూటీకి పోయిన మనిషి ఆయన, నిద్రలో చిన్న చప్పుడైనా లేచి కూర్చుంటారు. మొదటి రెండ్రోజులు లేచి లైటేసి కూర్చున్నారట, మూడో రోజు తువ్వాలు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసేసారట. ఆయన ఆరోగ్యం కోసం వేసిన యాప్ ఆయన నిద్ర చెడగొట్టింది, ఇదీ నా నిర్వాకం.

సరే బీరువాలోంచి తీయించి, అమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టించి, మొదలుపెట్టాం. దీనికి రెండు యాప్స్ కావాలి, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ అని ఒకటి, ఆధార్ ఫేస్ ఆర్డీ అని ఇంకోటి. ముందు ఆధార్ ఫేస్ ఆర్డీ వేద్దామని, ప్లే స్టోర్లో మైక్ గుర్తు నొక్కి పేరు చెప్పమన్నా. ఆయన మైక్‌తో కూడా వాకీటాకీలో మాట్లాడినట్టే మాట్లాడతారు, ఆఖర్న "ఓవర్" ఒక్కటే తక్కువ. పైన వచ్చింది నొక్కెయ్యబోయారు, ఆగు నాన్నా అన్నా, పైన కనపడేది ఒక్కోసారి డబ్బులిచ్చి పైకి తెచ్చుకున్న అడ్వర్టైజ్‌మెంట్, పేరు కింద చిన్న అక్షరాల్లో తయారుచేసినవాళ్ళ పేరుంటుంది అది చదువు అన్నా. కళ్ళజోడు మార్చుకుని చదివారు, "యునీక్ ఐడెంటిఫికేషన్..." అంటూ మొత్తం, ఆధార్ ఇచ్చే సంస్థ పేరు అది. అదీ, అది నొక్కు. ఎక్కింది.

అక్కడినుంచి మొదలైంది అసలు కథ. "అమ్మాయ్, ఎక్కింది అంటోంది గాని బొమ్మ కనపట్లేదే." ఉంటుంది నాన్నా, పక్కకి జరిపి చూడు. "లేదే." తీసేసి మళ్ళీ వెయ్యి. తీసేసారు, వేసారు, లేదు. మళ్ళీ తీసేసారు. నలభై నిమిషాలు, మధ్యలో అమ్మ పాలు పొంగిపోయాయి, నేను ఇక్కడ ఆఫీస్ మీటింగ్ మ్యూట్‌లో పెట్టి "సరిగ్గా చూడవేంటి నాన్నా" అని అరుస్తున్నా. ఆఖరికి అనుమానమొచ్చి నా ఫోన్లో వేసి చూసా. నాకూ కనపడలేదు. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, ఆధార్ ఫేస్ ఆర్డీకి బొమ్మే ఉండదు, అది వెనక ఉండి పనిచేస్తుంది, జీవన్ ప్రమాణ్ యాప్ పిలిచినప్పుడే లేస్తుంది. పాపం ఆయన ఎక్కించింది మొదటిసారే సరిగ్గా ఎక్కింది. అరిచింది నేను, తప్పు నాది.

ఆ మాటే చెప్పా, భయపడుతూ. ఆయన ఒక్క క్షణం ఆగి అన్నారు గదా, "అంటే బ్రేక్ వ్యాన్‌లో కూర్చున్నట్టన్నమాట. ఇంజిన్ ఎక్కడో ముందుంది, మనకి కనపడదు, లాగుతుంది." బ్రేక్ వ్యాన్ అంటే గూడ్స్ బండికి ఆఖర్న గార్డు కూర్చునే పెట్టె. యాప్స్ గురించి నేను ఎన్ని వీడియోలు చూసానో, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత జీవన్ ప్రమాణ్ యాప్ ఆధార్ నంబర్, మొబైల్, మెయిల్ ఐడీ అడిగింది. మెయిల్ దగ్గర ఇంకో గొడవ. నేను దసరాకి తొందరలో ఆయన ఫోన్లో నా జీమెయిలే పెట్టేసా, ఆయనకంటూ ఐడీ లేదు. దాంతో ఫోన్ బీరువా ఎక్కకముందు ఆయన చూసిన పద్యనాటకాల పుణ్యమా అని నెలరోజులుగా నా యూట్యూబ్ నిండా అవే వస్తున్నాయి, నా ఫొటోలన్నీ ఆయన ఫోన్లో కనపడుతున్నాయి, ఎందుకో అప్పుడర్థమైంది. అంతకుముందు పాత ఫోన్‌కైతే షాపులో కుర్రాడు ఏదో జీమెయిల్ చేసి పెట్టాడు, పాస్‌వర్డ్ వాడికే తెలుసు, వాడు ఆ షాపు మానేసి ఎటో పోయాడు. ఈ షాపు కుర్రాళ్ళ జీమెయిల్ సంగతి ఎవరైనా పట్టించుకోవాలండి అసలు, మన ఊళ్ళల్లో సగం మంది పెద్దవాళ్ళ ఫోన్‌లకి తాళంచెవి వాళ్ళ దగ్గర లేదు. ఫోన్ మార్చిన రోజు తెలుస్తుంది, మనవళ్ళ ఫొటోలు, నంబర్లు అన్నీ పోయాక. కాబట్టి మీరు వెయ్యాల్సింది ఏదన్నా ఉందంటే అది యాప్ కాదు, ఆయన పేరు మీద ఆయన జీమెయిల్, పాస్‌వర్డ్ ఆయన చేత్తో డైరీలో రాయించండి. పుస్తకంలో రాయకూడదు అని మీ ఫ్రెండ్స్ అంటారు, అననివ్వండి, మా నాన్న డైరీ దొంగిలించేవాడు సామర్లకోటలో లేడు.

ఆఖర్న మొహం. ట్యూబ్‌లైట్ వెనకుందని గొడవ, కళ్ళజోడు మెరుస్తోందని గొడవ, కళ్ళు ఆర్పమంటే ఈయన గట్టిగా మూసుకుని కూర్చుంటున్నారు. చివరికి ఇద్దరూ పెరట్లో నూతి దగ్గరికెళ్ళారు, అమ్మ ఫోన్ పట్టుకుంది, వెలుతురు మొహం మీద పడేలా నించున్నారు, మూడోసారికి గుండ్రం ఆకుపచ్చగా మారింది. "ఇచ్చాడే సిగ్నలు!" అని ఆయనరిచిన అరుపు నాకు అమ్మ ఫోన్లోంచి వినపడింది. కాసేపటికి ప్రమాణ్ ఐడీతో, అంటే ఆ సర్టిఫికెట్ నంబర్‌తో, మెసేజ్ వచ్చింది. దాన్ని కూడా డైరీలో రాసుకున్నారు, టైంతో సహా, 12 గంటల 40 నిమిషాలు.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ రెండు యాప్స్ నా 23లో లేవు. నేను వేసినవాటిలో ఒక్కటి కూడా ఆయన తెరవలేదు, సంక్రాంతికి వెళ్ళేసరికి 20 తీసేసారు, ఎలా తియ్యాలో ఆ నలభై నిమిషాల్లో బాగా నేర్చుకున్నారు కదా. కానీ తన చేత్తో వెతికి, చదివి, మూడుసార్లు వేసి తీసిన ఆ రెండూ ఆయనకి కొట్టినపిండి. పైగా ఆ యాప్‌లో (జీవన్ ప్రమాణ్‌లో) ఇంకో సదుపాయం ఉంది, ముందు తన మొహంతో లోపలికెళ్ళాక, అదే ఫోన్‌తో వేరేవాళ్ళ సర్టిఫికెట్‌లు కూడా చెయ్యొచ్చు. 2023 నవంబర్లో తన తోటి రిటైరైనవాళ్ళు 11 మందికి మా పెరట్లో నూతి దగ్గర నించోబెట్టి చేసారు. 80 దాటినవాళ్ళకి అక్టోబర్ 1 నుంచే ఇవ్వచ్చు కాబట్టి వాళ్ళకి ముందే కబురు పెడతారు. ఇంతా చేసి తను మాత్రం నవంబర్లో ఓసారి బ్యాంక్‌కి వెళ్ళొస్తారు, ఎందుకు నాన్నా అంటే "పాతవాళ్ళందరూ వస్తారే, టీ తాగొద్దూ?" అంటారు.

అందుకే అంటున్నా, పని ముందు రావాలి, యాప్ తర్వాత. మనం ముందే వేసిపెట్టింది వాళ్ళకి పరాయి ఇంట్లో గిన్నెల్లాగే ఉంటుంది, ఏది ఎక్కడుందో తెలీదు. అసలు కంపెనీవాళ్ళే మనకంటే ముందు పది పన్నెండు ఎక్కించి పంపిస్తారు, కొన్ని తీసేద్దామన్నా తియ్యనివ్వవు, డిసేబుల్ చెయ్యడం ఒక్కటే దారి. డబ్బులు పెట్టి ఫోన్ కొనుక్కుంది మనం, కాపరం మాత్రం వాళ్ళది. ఇంకోటి, కొన్ని యాప్స్‌లో తెలుగు పెడితే వచ్చే ఆ తెలుగు! "సమర్పించు" అంటే మా నాన్న దేవుడికా అన్నారు. సబ్మిట్ అంటే సామర్లకోటలో కూరలమ్మే ఆవిడకి కూడా అర్థమౌతుంది.

వెయ్యకూడనివి మాత్రం మీరు దగ్గరుండి చెప్పాల్సిందే. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ ఎక్కించేసేవి. పోయినేడు వాళ్ళ పెన్షనర్ల గ్రూపులో ట్రాఫిక్ చలానా అని ఒకటొచ్చింది, చూడ్డానికి ప్రభుత్వం నుంచి వచ్చినట్టే. మా నాన్న నాకు ఫోన్ చేసి, "నాకున్నది సైకిలు కదే, దానికి చలానా ఏంటి?" అన్నారు. ఆ సైకిలే కాపాడింది. స్కూటరున్న ఆయన ఫ్రెండొకాయన నొక్కేసారు, అది మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే అలో కొట్టేసారు, ఇక బ్యాంక్ ఓటీపీలన్నీ ఎవడికో వెళ్ళిపోతాయి కదా, పైగా ఆయన పేరుతోనే అందరికీ అదే ఫైలు పోవడం మొదలైంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించి, సిమ్ తీయించి, బ్యాంక్‌కి పరిగెత్తారు కాబట్టి డబ్బులు మిగిలాయి. పెళ్ళి శుభలేఖలంటూ కూడా ఇలాంటివి వస్తున్నాయి, శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గాని యాప్‌లాగా ఎక్కించమని అడగదు. మీ నాన్నగారి ఫోన్ సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని ఉంటుంది, అందులో వాట్సాప్ ఎదురుగా, క్రోమ్ ఎదురుగా ఆఫ్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి. అలాగే బ్యాంక్ నుంచి మాట్లాడుతున్నాం, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోండి అని ఎవడన్నా అంటే మారుమాట లేకుండా కట్ చెయ్యమనండి.

డబ్బులు కట్ అయ్యే యాప్స్‌తో ఇంకో తిరకాసు, యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందనుకుంటారు, ఆగదు, ప్లే స్టోర్లో ఆయన బొమ్మ నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకెళ్ళి ఆపాలి. ఇది నేను 3 నెలలు కట్టి నేర్చుకున్నా, నాన్న కాదు.

ఇంతకీ మా నాన్న తనంతట తను అడిగి వేయించుకున్నవి రెండు. ఒకటి డిజీలాకర్, మన కాయితాలు ఫోన్లోనే ఉంచే ప్రభుత్వ యాప్, రైల్లో టీటీఈకి అందులోని ఆధార్ చూపిస్తే ఒప్పుకుంటారని ఎవరో చెప్పారట, కవర్లో పెట్టి జేబులో తిప్పే బాధ పోయింది. రెండోది వేర్ ఈజ్ మై ట్రైన్. రైల్లో కూర్చుని నెట్ లేకపోయినా సెల్ టవర్లని బట్టి బండెక్కడుందో చెప్తుంది అది. మిగతావాళ్ళు ఎక్కాల్సిన బండి కోసం చూస్తారు, ఈయన ఎక్కే పని లేకపోయినా ఇంట్లో కూర్చుని సామర్లకోట మీదుగా పోయే ప్రతి బండీ ఎంత లేటో చూసి, "తుని దగ్గర లూప్‌లో పెట్టుంటాడు వెధవ" అని, బండిని పక్క లైన్లో ఆపేసాడని, బళ్ళని నడిపించే కంట్రోలర్ని తిట్టుకుంటూ టిఫిన్ తింటారు. ఇలాంటిది నేనైతే నా లిస్టులో ఎన్నటికీ రాసేదాన్ని కాదు.

మొన్న వెళ్ళినప్పుడు నా ఫోన్ తీసుకుని చూస్తూ, "ఇందులో ఎన్నున్నాయే?" అన్నారు. లెక్కపెట్టా, 84. ఆయన కళ్ళజోడు పైకి జరిపి నన్నోసారి, ఫోన్నోసారి చూసి, "నా గూడ్స్‌కి 58 వ్యాగన్లే ఉండేవి, ఏ వ్యాగన్లో ఏముందో కాయితం నా చేతిలో ఉండేది" అని ఫోన్ తిరిగిచ్చేసారు.